ముప్పావు ఇంచు సందు

"తాతా, పొద్దుగాల యాకూబ్ తాత ఇంటికి పోయిన. ముందర్రూము తలుపు మీద సందుల గుడ్డపేలికలు కుక్కి ఉన్నయి. ఇల్లంత మంచిగ కట్టి గదొక్కటి గట్ల ఎందుకిడిసిపెట్టినవ్? చెప్పు, ఫోన్ల రికార్డు వెట్టిన."

వెట్టినవా? ఇగ మాట్లాడాల్నా? ఆఁ. అవి గుడ్డపేలికలు గావు బిడ్డా, అదొక పెద్ద పంచాది. ఆ సందు ముప్పావు ఇంచు. సెంటీమీటర్లల్ల ఎంతని అడగకు, నాకు రాదు. వస్తది గని చెప్ప.

యాకూబ్‌ది, నాది ఒకటే బడి. వాళ్ల నాయన శంషాబాద్ బజార్ల దర్జీ, వాడు గుడ దర్జీయే అయిండు. నేను తాపీ మేస్త్రినైన. అది తర్వాత ముచ్చట. బడిల మాకు ఒక సారుండె, పేరు యాదికస్తలేదు, మీసాలాయన. గజం, ఫీటు, ఇంచు, సేరు, మణుగు, ఫర్లాంగు, అన్ని బట్టీ కొట్టిచ్చిండు. అన్ని నోటికచ్చినంక సర్కారు అవన్ని బంద్ అన్నదట. ఒకనాడు సారు కొత్త కట్టె వట్టుకొనచ్చి, ఇగ గజం లేదు, మీటరు అన్నడు. పాత గజం కట్టె కన్న అది మూడించులు పొడుగు. ఆ మూడించుల తేడా చూసేటోనికి తెల్వది, దెబ్బలు తినేటోనికి తెలుస్తది. గజం కట్టె ఉన్నన్నొద్దులు ముందు వరుసోల్లకే పడుతుండె. మీటరు కట్టె వచ్చినంక రెండో వరుసల నాకు గుడ అందింది. అగో, గప్పటిసంది నాకు మీటరంటే పడది.

యాకూబ్‌గాడు మాత్రం మీటరు దిక్కు వొయిండు. ఎందుకు వోడు? దుకాణంల గిరాకి మూడు గజాలు తెచ్చే తాన మూడు మీటర్లు తేవట్టె. మనిషైతే పెరగలేదు గద, మిగిలిన బట్ట ఎవలకు? వాళ్లింట్ల దిండ్లకు అన్నిటికి కొత్త గలీబులు. ఏందిరా గిది అంటే, "మీటర్ కీ బర్కత్ హై మల్లేశ్" అనేటోడు, అంత మీటరు పుణ్యమే అని. టేపు జూసినవా, ఒక అంచుకు ఇంచులు, ఒక అంచుకు సెంటీమీటర్లు ఉంటయి. నేను గీ అంచు, వాడు గా అంచు. ఒకటే టేపు మీద డెబ్బై ఏండ్లకు వచ్చినం.

ఏం జెప్తున్న? ఆఁ, విమానాలు. మనకాడ ఎయిర్‌పోర్టు వడ్డంక మన కొత్వాల్‌గూడ పిలగాడొకడు అండ్ల సామాన్లు ఎక్కిచ్చే నౌకరిల చేరిండు. వాడు జెప్పిండు, "తాతా, విమానం ఎంత ఎత్తుల పోతున్నదో పైలట్లు ఫీట్లల్లనే చెప్తరు" అని. నాకు ఆ రోజు బువ్వ గుడ తినబుద్ది గాలే. సీద యాకూబ్ దుకాణం కాడికి పోయిన. చూడురా, గంత పెద్ద విమానమే ఫీట్లు ఇడువలేదు, నువ్వెంత, నీ లాగులెంత అన్న. వాడు నోట్ల గుండుపిన్నులు వెట్టుకొని నిమ్మలంగ అన్నడు, "అండ్ల సామాను కిలోలల్ల తూస్తరు. నువ్వు పోయి రెండు మణుగుల పెట్టె తెచ్చిన అను, ఎక్కనిస్తరేమో చూస్త." గిట్లుంటది వాని నోరు. ఎవలు ఓడితే వాళ్లు చాయ్ తాపాలె. ఎవ్వలం ఓడకపోదుము, ఇద్దరం తాపుదుము.

ఇగ తలుపు ముచ్చట. వాని మనుమనికి పెండ్లి కుదిరిందని ముందర ఒక అర్ర, గదే రూము, ఏస్తనన్నడు. నాకు మోకాళ్లు నొస్తున్నయి, పని బంద్ చేసి ఎన్నేండ్లాయె. అయినా వాని ఇంటికి వేరేటోడు గోడ వెడితే నేను బతికుండి ఏం ఫాయిద? నేనే వెట్టిన. తలుపు జాగ ఆరున్నర ఫీట్ల ఎత్తు ఇడిసిన. నా బతుకంత ఇడిసింది గదే. ఆరున్నర ఫీట్లంటే మా మేస్త్రిలు టేపు గుడ చూడరు, కన్నుతోని చెప్తరు.

వాడేం జేసిండు? నాకొక్క మాట చెప్పకుంట పోయి తయారున్న తలుపు తెచ్చిండు. చౌకట్టుతోని కలిపి రెండు మీటర్లు. రెండు మీటర్లంటే ఆరున్నర ఫీట్ల మీద ముప్పావు ఇంచు. వెడితే పడ్తలేదు. కింద దూరిస్తే పైన తాకుతది, పైన దూరిస్తే కింద తాకుతది. "నీ గోడ చెక్కు" అన్నడు వాడు. నీ తలుపు కోపియ్యి అన్న నేను. "కొత్త తలుపు ఎవడు కోస్తడు?" కొత్త గోడ ఎవడు చెక్కుతడు? మాట మీద మాట వెరిగింది. వాడన్నడు, "నీ ఫీట్లు నీతోనే పోతయి." నేనన్న, నువ్వు రెండు మీటర్ల మనిషివి గాదురా, వంగి పో. పెండ్లి గుడ అయిపోయింది. తలుపు గోడకు ఆనిచ్చి ఉన్నది, గుమ్మానికి పాత చద్దరు కట్టిండ్రు. కొత్త కోడలు చద్దరు ఎత్తుకొని ఇంట్లకు వచ్చింది, పాపం.

మాటలు బంద్. వానకాలం దాక బంద్. వాని దుకాణం ముందర్నుంచి పోతే మొకం తిప్పుకొని పోయేది. ఇంట్ల మీ అమ్మ మంచిగనే చాయ్ పోస్తుండె, నాకే గొంతు దిగకపోతుండె. మీ నాయనమ్మ పోయినంక నాతోని కొట్లాడేటోడు వాడొక్కడే ఉండె బిడ్డా. కొట్లాడేటోడు లేకుంటే పొద్దు గడువది.

గప్పుడే నాకు జరమచ్చింది. నువ్వు హాస్టల్ల ఉంటివి. మీ అమ్మ కొత్త థర్మామీటరు కొన్నది, టిక్కుమంటది సూడు, అది. సంకల వెట్టి చూసి, "ముప్పై తొమ్మిది ఉన్నది మామా, గోళీలు తెస్త" అని నెత్తి మీద తడిగుడ్డ ఏసి శంషాబాద్ పోయింది. ఫోన్ చార్జింగుకు వెట్టి మరిచింది. మా చెల్లె చంద్రమ్మ, కొత్తూరుల ఇచ్చినం గద, నన్ను సూడొచ్చి ఇంటి కడప కాడ కూసున్నది. దానికి తెలిసిన జరం ఏంది? తొంబై ఎనిమిదంటే మంచిగున్నట్టు, నూట రెండంటే జరం. మా డాక్టరు పాదరసం పుల్లల గట్లనే ఉంటుండె. మరి ముప్పై తొమ్మిదంటే? దినాం ఫోన్ల చార్జింగు దిగుడు జూసి జూసి, మనిషి గుడ గట్లనే దిగుతడనుకున్నది. నా కాళ్లు వట్టి చూసింది, చల్లగున్నయి. అయిపాయె. మైలార్‌దేవ్‌పల్లిల మా బామ్మర్ది రాజయ్యకు ఫోను గొట్టింది, "అన్న ముప్పై తొమ్మిదికి దిగిండు, ఇంక దిగుతనే ఉన్నడు." రాజయ్య వేరేటోల్లకు ఇరవై అని చెప్పిండట. వార్త మళ్ల తిరిగి ఊర్లెకు వచ్చేసరికి నేను సున్న అయిన.

నేనేమో నిద్రల ఉన్న. తడిగుడ్డ జారి మొకం మీద పడ్డది. వచ్చినోల్లు కిటికీలకెల్లి చూసి, మొకం మీద గుడ్డ కప్పిండ్రు అనుకున్నరు. చంద్రమ్మ కడప మీద పడి ఏడుస్తుంటే లోపలికి ఎవలు పోతరు? నాకు మెల్లగ తెలివచ్చింది. ఏడుపులు ఇనవడ్తున్నయి. ఎవలో పోయినట్టున్నరు పాపం అనుకున్న. తర్వాత "ఓ మల్లన్నా" అని నా పేరు వెట్టి ఏడుస్తున్నరు. లేద్దామంటే పానం జాలదు. మల్ల, అబద్దమెందుకు, జర ఇందామనిపిచ్చింది. మల్లేశం అసొంటి మేస్త్రి లేడు, ఆయన గోడకు వంకర లేదు అంటున్నరు. బతికున్నప్పుడు ఒక్కడు గుడ అనలే.

అంతట్ల మైలార్‌దేవ్‌పల్లి నుంచి ఉరికచ్చిన రాజయ్య వాకిట్ల జేసీబీ ఆయనతోని ఫోన్ల మాట్లాడుతున్నడు. మావోల్లల్ల పూడ్చిపెట్టుడే గద. "రెండు మీటర్ల పొడుగు తవ్వు, మీటరున్నర లోతు" అంటున్నడు. నాకు ఒంట్లె ఉన్న జరమంత నెత్తికెక్కింది. సచ్చినంక గుడ మీటర్లల్లనే పండవెడ్తున్నరు ఈల్లు.

గప్పుడు ఇనవడ్డది యాకూబ్ గొంతు. బండి గుడ ఆపలేదు కావచ్చు, ధడేల్‌మని పడ్డది. "రాజయ్యా, మీటరు పేరు ఎత్తకు భాయ్" అంటున్నడు. "వాడు ఫీట్ల మనిషి. మీటరంటే పండడు, లేచి కొట్లాడ్తడు. ఆరున్నర ఫీట్లు అని చెప్పు. నేను ఆ తలుపు గుడ కోపిస్త. గింత దానికి వానితోని మాట్లాడకుంట ఉంటి." ఇగ ఏడుస్తున్నడు. నేను వాని ఏడుపు బడిల దెబ్బలప్పుడు ఇన్న, మల్ల గప్పుడే ఇన్న. నా కండ్లల్ల గుడ నీళ్లు తిరిగినయి.

కని మేస్త్రిని గద, తప్పు కొలత ఇని ఊకుండలేను. లోపల్నుంచి ఒర్లిన: "ఆరున్నర దేనికిరా, నేను ఐదు ఫీట్ల నాలుగించులే!"

ఇగ చూడు. చంద్రమ్మ వెల్లకిల పడ్డది. పూలదండ తెచ్చినాయన దండతోనే ఉరికిండు. రాజయ్య ఫోన్ల "ఆగు, ఆగు" అంటున్నడు, ఆ జేసీబీ ఆయన కొలత మారింది కావచ్చు అనుకుంటున్నడు. యాకూబ్ ఒక్కడే లోపలికి వచ్చిండు. గుడ్డ తీసి నా మొకం చూసిండు. "బతికే ఉంటివా? నా మాట వాపస్" అన్నడు. అని మంచం పట్టె మీద కూసోని నా కాలు గట్టిగ వట్టుకున్నడు. మీ అమ్మ గోళీలు తీసుకొని వచ్చేసరికి వాకిట్ల సావు మంది, మంచం మీద మేమిద్దరం చాయ్ తాగుతున్నం. జేసీబీ ఎట్లనో వచ్చె. వచ్చినదాన్ని ఉత్తగ ఎందుకు పంపుడని నీళ్లు పోయే మోరీ తవ్విచ్చినం. ఇంటెన్క ఉన్న మోరీ గదే, సావు మోరీ అంటం.

సందు? అగో, అండ్లకే వస్తున్న. నాకు నెమ్మదైనంక మనసుల ఒకటే కొట్టుకుంటున్నది. వాడు నా సావుకు ఫీట్లు ఒప్పుకున్నడు, నేను బతికుండి ముప్పావు ఇంచు ఒప్పుకోనా? శుక్రవారం వాడు నమాజుకు పోయిండని చూసి, సుత్తె, శానం వట్టుకొని పోయిన. తలుపు జాగకు పైన కొత్త ప్లాస్టరు ముప్పావు ఇంచు చెక్కిన. నా చేత్తోని వెట్టింది నేనే చెక్కిన. తలుపు ఆడ కనవడలే. లోపల వెట్టుకున్నరు కావచ్చు అనుకున్న.

వాడు నమాజు అయినంక ఆటోల తలుపు తెస్తున్నడు. తలుపులు చేసే వడ్ల ఆయన కాడ కోపిచ్చిండు, ముప్పావు ఇంచు.

ఇద్దరం తలుపు నిలవెట్టి మీదికి చూసినం. సందుల నుంచి ఆకాశం కనవడ్తున్నది. అంతట్ల ఒక విమానం ఆ సందులనే పోయింది. "ఎన్ని ఫీట్లల్ల పోతున్నదిరా?" అన్నడు వాడు. ఏమో, సామాను ఎన్ని కిలోలున్నదో అన్న నేను. ఇగ నవ్వుడే నవ్వుడు. సిమెంటు మసాల కొట్టి మూస్తనంటే వాడు వద్దన్నడు. దుకాణంల మిగిలిన పేలికలు తెచ్చి వాడే కుక్కిండు. వానకు తడుస్తయి, తీసి కొత్తయి కుక్కుతడు. నేను గుడ ఇంట్ల పాత పేలికలు వట్టుకొని ఆ సాకుతోని పోతుంట, చాయ్ తాగుతుంట. అందుకే ముయ్యలే.

బంద్ చేస్తవా ఫోను? చెయ్యి. సావు వార్త పుడితే ఆయుస్సు పెరుగుతదంటరు, నాది పెరిగినకాడికి నువ్వు తీసుకో బిడ్డా. నూరేండ్లు బతుకు. దానికైతే ఇంకా కొత్త కొలత రాలే, నూరంటే నూరే. ఆ, పోయేటప్పుడు గా సంచిల పేలికలున్నయి, యాకూబ్ తాతకు ఇచ్చిపో. మబ్బువట్టింది.