అడుగున్నర

కాలేజీ బేస్‌బాల్ మైదానంలో కొత్త పచ్చిక పరిచి, బంతి విసిరే దిబ్బ మళ్లీ కట్టడం నిన్నటితో పూర్తయింది. అదే మైదానంలో ఆడే వేసవి జట్టుకి రేపే మొదటి ఆట. మైదానం చూసుకునే ముసలాయన ఓర్విల్, ఆ జట్టు కోచ్ ఇద్దరూ ఆ దిబ్బ ఎక్కి నిలబడ్డారు.

"దిబ్బ ముందుకొచ్చినట్టుందేంటి, ఓర్విల్ గారూ?"

"వచ్చింది. అడుగున్నర."

"పనివాళ్లు కొలత తప్పారా?"

"వాళ్లు కాదు, నేనే. బ్యాటు పట్టినవాడి పక్కన నేలలో ఉండే పలక, ఆ హోమ్ ప్లేట్ వెనక మొన నుంచి కొలవాలి. పాత దిబ్బ కట్టినప్పుడు నేను ముందు అంచు నుంచి కొలిచా, దాంతో దిబ్బ అడుగున్నర వెనక్కి పోయింది. ముప్పై ఏళ్లయింది. దూరమైందని ఎవరైనా సణిగితే చేతకానివాళ్లని నవ్వేవాణ్ణి కూడా."

"ఆగండాగండి. నేను ఈ జట్టుకి ఆడిన వేసవిలో..."

"అదే దిబ్బ. నీ బంతులన్నీ ప్లేటు దాకా రాకుండానే నేలకి కొట్టుకునేవి. కొలత తేలినప్పటి నుంచీ నాకు ముద్ద దిగట్లేదు నాయనా. తిట్టు, పడతా."

"తిట్టడమా! చెయ్యి పనికిరాదని ఆ ఏడే బంతి విసరడం మానేశానండీ. ఇరవై రెండేళ్లుగా అదే అనుకుంటున్నా. అంటే నా చెయ్యి లక్షణంగా ఉందన్నమాట!"

"కోపం లేదూ?"

"గుండెల మీంచి బండ దించారు కదండీ!"

"హమ్మయ్య. కాకపోతే ఒక్క మాట. అవతలి జట్టువాళ్లూ ఆ పాత దిబ్బ మీంచే విసిరారు మరి."

"ఓర్విల్ గారూ, ఇరవై రెండేళ్లకి దొరికిన సుఖం. సాయంత్రం దాకానైనా ఉండనివ్వండి."