సిరా ఆరేలోగా

ఆసుపత్రిలో అన్న ప్రాణం పోయి పావుగంటయింది. కవర్లు అచ్చువేసే మిషన్ దగ్గర్నుంచి పరిగెత్తుకొచ్చిన తమ్ముడు, చేతులకంటిన నీలం సిరాతో, వరండాలో వదిన కూర్చున్న బల్ల పక్కన నిలబడ్డాడు.

"ఫోన్ చేసి ముప్పావుగంటయింది. పది నిమిషాల దారి కదయ్యా."

"మిషన్‌లో సిరా రోలర్ కడిగొచ్చాను వదినా."

"ఇవాళ కూడానా?"

"దాని ఒంటినిండా కంటికానని గుంటలుంటాయి. వాటిలో సిరా ఆరిందంటే ఊడి చావదు. ఎవడో ఇనప బ్రష్షుతో గీకుతాడు, గీతలు పడి రోలరే పోతుంది."

"ఎవరికైనా అప్పజెప్పి రావలసింది."

"ఎవడికి? అందరూ గీకేవాళ్లే. కడగడం తెలిసినవాళ్లం ఇద్దరమే, అన్నా నేనూ."

"ఇక నువ్వొక్కడివే."

అతను వేళ్లకంటిన సిరాను చొక్కాకి రుద్దుకున్నాడు.

"ఆర్నెల్ల కింద రోలర్ మీద గీత పడితే, నావల్లేనని నలుగురిలో తిట్టాడు. అప్పట్నుంచీ మామధ్య మాటల్లేవు."

"తెలుసు. గోడకి చెప్పినట్టు మీ ఇద్దరికీ చెప్పి చెప్పి విసిగిపోయాను."

"నేను కోపంతోనే రాలేదనుకున్నాడా వదినా? అది చెప్పు చాలు."

"'వాడొచ్చాడా' అని రెండుసార్లు అడిగారు. మిషన్ ఆపి వస్తున్నాడని చెప్పాను."

"ఏమన్నాడు?"

వదిన చెంగుతో ముఖం తుడుచుకుంది.

"ఏమంటారు ఆ మనిషి? 'కంగారుపడొద్దను. ముందు రోలర్ కడిగి రమ్మను. వాడైతేనే గీత పడకుండా కడుగుతాడు. అందాకా నేనెక్కడికీ పోను' అన్నారు."