శిగమన్నవ్ గదా వదినా

కూసో వదినా, ఈ వంటింట్లనే కూసో. వచ్చుడుతోనే లేస్తవేంది? చాయ్ పెట్టిన, తాగు. పరాయింటికొచ్చినవా ఏంది, నీ తమ్మునింటికే గదా! నీ మనవడు ముందు రూముల పండుకున్నడు. నీ కోడలు ఇంద్రజ పక్కనే ఉంది, నీ తమ్ముడు తిరుమల్ ఉన్నడు. కన్నతల్లికి తన కొడుకును చూసుకునుడు రాదా?

అయితే పిల్లగానికి డెంగీ జ్వరం దిగిందంటవ్. దిగినంక ఏదేదో మాట్లాడుతుండంటవ్. అందుకని పసుపు, యాపమండ పట్టుకొని సీదా మా అనుపమ దగ్గరికి తెచ్చినవ్. నా బిడ్డ చేత్తోటి బొట్టు పెట్టిస్తే తగ్గుతదా? వారెవ్వా!

ఏ చేత్తోటి పెట్టాలె? కుడి చేత్తోటా? ఆ చేతిల చెంచ నిలవదు, ఎరికేనా?

తిరుమల్ బిడ్డ మీదికి అమ్మోరు వస్తదని చిలకలగూడ మొత్తం చెప్పుకుంటున్నరట. చెప్పి తిరిగిందెవరు? నువ్వే!

పోయిన బోనాలు యాదికున్నయా? నాకున్నయ్. అప్పుడు మా అనూకు సుత డెంగీనే. జ్వరం దిగినంకనే జెర జాగ్రత్త, మాట తేడాగున్నా, మత్తుగున్నా ఉరికి రమ్మన్నడు డాక్టర్. పండుగ పొద్దున్నే దిగింది. హమ్మయ్య అనుకొని బోనం ఎత్తుకున్న. వాకిట్ల డప్పులు. గంతల్నే అనూ లేచి కూసుండి ఊగుడు షురూ చేసింది. చూపు ఏటో ఉంది. నన్ను చూసి "నువ్వెవరు" అన్నది.

నేను బోనం దించి ఆటో పిలువుమన్న. అన్ననా, లేదా? నువ్వు గడపల అడ్డం నిలబడ్డవ్. "శిగమే ఇది! పెయ్యి మీదికి అమ్మోరు వస్తే దవాఖానకు తీస్కపోతవా, ఇల్లు నాశనం గాదా?" అన్నవ్. బిడ్డ నెత్తిమీద పసుపు నీళ్లతో సాక పోసినవ్. అది గజగజ వణుకుతుంటే అందరు చేతులు జోడించిండ్రు.

మల్ల ప్రశ్నలొకటి! గుడికాడ రంగంల భవిష్యం చెప్పే ఆమెను అడిగినట్టు. వానలు పడ్తయా తల్లీ? ఇంద్రజ కడుపు మల్ల పండుతదా తల్లీ? నా బిడ్డ "నీళ్లు, నీళ్లు" అన్నది. దూపైతుంది దానికి! నువ్వేమన్నవ్? "వానలు మస్తు పడ్తయట" అన్నవ్! ఫిట్స్ వచ్చి, నోట్లె నురగ వచ్చినంక గానీ గడపల నుంచి జరగలే నువ్వు.

డెంగీ మెదడుకు ఎక్కిందన్నరు. వెంటనే ఎందుకు తేలే అని డాక్టరమ్మ అడిగితే ఏం చెప్పాలె నేను? మా వదినె వానల గురించి అడుగుతుండె అని చెప్పాల్నా?

అమ్మోరి మీద నాకు కోపం లేదు. ఆమె ఏం చేసింది పాపం! నా కోపమంత నీ మీదనే.

ఎక్కాలు గడగడ చదివే పిల్ల వదినా. ఇప్పుడు చెంచ అనే మాట కోసం నోరు తెరుచుకొని ఎతుకుతది. దొరకకుంటే ఏడుస్తది. ఒక్కనాడన్న వచ్చి, తప్పైంది భవానీ అన్నవా?

ఏడాది సంది చూస్తున్న, నీకొక దినం రావాలె అని. వచ్చింది. ఇప్పుడడుగు! నీ మనవణ్ణి అడుగు, వానలు పడ్తయా అని. అడగవేం?

ఏడ్వకు. నువ్వేడిస్తే నాకు జాలి రాదు.

ఎటు ఉరుకుతవ్? ఆ మంచం మీద ఎవ్వరు లేరు. నువ్వు చాయ్ గ్లాసు పట్టుకోంగనే ఇంద్రజ, నీ తమ్ముడు వాణ్ణి ఆటోల ఏసుకొని పోయిండ్రు. ఈ పాటికి దవాఖానల ఉంటరు. నేను ఇంతసేపు గట్టిగ అరిచింది ఎందుకనుకున్నవ్? ఆటో సప్పుడు నీకు ఇనిపించొద్దని. ఈసారి గడపల నేను నిలబడ్డ.

దండం పెట్టకు నాకు. నేనేం మంచిదాన్ని గాను. ఇందాక వాడు తల్లిని చూసి "నువ్వెవరు" అన్నడు చూడు, అప్పుడు నా కడుపు సల్లబడ్డది వదినా. ఏమెరుగని పిల్లగాడు! జెరసేపే అనుకో. కానీ సల్లబడ్డది. ఆ తర్వాతనే ఆటోకు ఫోన్ చేసిన.

ఇగ పో. ఆ పసుపు సుత తీస్కపో, నా బిడ్డ లేస్తే చూసి భయపడ్తది.