గోనెపట్ట ప్యాడ్లు

చిత్తూరు, 1949. సాయంత్రం నాలుగింటికి హాకీ ఫైనలు. రాగులు తీసుకుని విసురుదామని గురవమ్మ చేట పట్టుకుని వస్తే, కొడుకు పెంచలయ్య గాదెకు అడ్డం నిలబడ్డాడు.

“జరుగు నాయనా, అడ్డం జరుగు. రాగులు తీసుకోవల్ల.”

“రేపు తీసుకోమ్మా.”

“రేపటి రాగులు రేపు. ఈ పొద్దు సంగటికేం పెట్టేది?”

“వద్దు. ఆకలి లేదు నాకు.”

“నీకా ఆకలి లేనిది! ఏముండాదిరా గాదెలో?”

“రాగులే.”

“రాగులకు తోలు వార్లు ఉంటాయా? ఇదో సూడు, బయటికి ఏలాడతా ఉండాది.”

“లాగొద్దు. లాగొద్దంటున్నానా!”

“ఇవి... కాళ్ళకు కట్టుకునే ప్యాడ్లు గదరా. ఎవురివి?”

“మునికృష్ణవి.”

“పరంధామయ్య కొడుకువా? ఆ బిడ్డ ఈ పొద్దు మన జట్టుకు గోల్లో నిలబడాల గదా. మూడేండ్లుగా నేర్పించింది నువ్వే గదా. మనింట్లో ఎందుకుండాయి ఇవి?”

“నిలబడతాడు. ఉత్త కాళ్ళతో నిలబడతాడు.”

“రాయవేలూరు వాళ్ళు కొట్టే బంతికా?”

“ఆ బంతికే. వాళ్ళలో ఒకడు కొడితే మొన్న గోలు చెక్క చీలిపోయింది.”

“పెంచలా!”

“పదేండ్లయిందమ్మా నా ప్యాడ్లు పోయి. ఇదే మైదానం, ఇదే గోలు. నువ్వే కుట్టి ఇస్తివి, గోనెపట్టలో బూరుగుదూది కూరి, నడుమ వెదురు బద్దలు పెట్టి.”

“కుట్టినాలే. ఇప్పుడెందుకవి.”

“మద్రాసు నుంచి పెద్దమనుషులు వచ్చింది ఆ పొద్దు నన్ను చూసేదానికే. తెల్లారి లేస్తే తిన్నె మీద పెట్టిన ప్యాడ్లు లేవు. ఎవరు తీస్తారు? తన తమ్ముణ్ణి గోల్లో నిలబెట్టాలని ఎవరికుండె? జట్టు పెద్ద పరంధామయ్యకు గాక?”

“ఆయన తీసింది నువ్వు సూస్తివా?”

“చూడాల్నా? ‘ప్యాడ్లు లేకుంటే ఇంటికి పోరా’ అని నవ్వినాడు. అందరి ముందర నవ్వినాడు.”

“పోయింటే ఏం రా! ఇంటికి పోయింటే ఏం పొయ్యేది!”

“ఆయన తమ్మునికి చోటిచ్చి పోతానా? నిలబడినాను. మూడు బంతులు ఉత్త కాళ్ళతోనే ఆపినాను. నాలుగోది మోకాలిచిప్ప పగలగొట్టింది.”

“సెప్పద్దురా. ఇనలేను.”

“ఆరునెలలు మంచం. లేచినాక అదే మైదానంలో గీతలకు సున్నం పోసే పని. బిడ్డలు గోల్లో తప్పుగా నిలబడితే ఊరికే ఉండలేక ‘మోకాలు వంచరా, బంతిని చూడరా’ అని అరిచేవాణ్ణి. అరిచి అరిచి వాళ్ళకు కోచ్‌నయినాను. కుంటి మాస్టర్నయినాను.”

“ఎంతమంది బిడ్డల్ని తయారుచేస్తివి! ఆ పేరు తక్కువా?”

“మూడేండ్ల కింద ఆయనే వచ్చినాడు, కొడుకు చెయ్యి పట్టుకుని. ‘పెంచలయ్యా, నీ విద్యంతా వీడికియ్యప్పా’ అని. ఇచ్చినాను. ఒక్కటి దాచుకోకుండా ఇచ్చినాను. ఎందుకనుకున్నావు?”

“వాడంటే ప్రేమ అనుకుంటి.”

“ఏమీ రానోడి కాలు పోతే ఆ తండ్రికేం నొప్పి? అన్నీ వచ్చినోడిది పోవల్ల. అప్పుడు తెలుస్తుంది.”

“అయ్యో, ఆ బిడ్డ ఈ తిన్నె మీద కూసోని సంగటి తిన్నాడురా. నన్ను అవ్వా అంటాడు.”

“తింటే?”

“ప్యాడ్లు లేకుంటే వాడే ఆడడులే. ఎల్లిపోతాడు.”

“ఎట్ల పోతాడు? నేను నేర్పినోడు. ‘ప్యాడ్లు లేకుంటే ఇంటికి పోరా’ అని నవ్వుతాను చూడు, వాళ్ళ నాయన ముందరే. చచ్చినా కదలడు.”

“ఇట్లియ్యి. ఎత్తకపోయి నేనిచ్చొస్తా.”

“ఎప్పుడూ ఆయన్నే ఎనకేసుకొస్తావు! పదేండ్లుగా పేరెత్తితే చాలు, ‘వదిలెయ్ రా, వదిలెయ్ రా’. ఆయన చేను గట్టున గడ్డి కోసుకుంటావని భయమా?”

“భయమే. ఆయనంటే గాదు.”

“మరి?”

“నువ్వంటేరా.”

“నేనంటే ఏం భయం? పక్కకు జరుగు, పొద్దు పోతా ఉండాది. ఆడ వాడు ప్యాడ్లు ఎతుక్కుంటా ఉంటాడు.”

“కూసో.”

“తర్వాత కూర్చుంటా.”

“కూసోరా! ఆ ఆటకు ముందు వారం నీ ఎదకు బంతి తగల్లేదా? కమిలిపోయి, నెత్తురు ఉమ్మితివి. పసుపు పెట్టింది నేనే.”

“ఉండాది గుర్తు. అయితే?”

“నాకు ఆ ఆటేం తెలుసురా. ప్యాడ్లు లేనోణ్ణి గోల్లో నిలబెట్టరు, ఇంటికి పంపిస్తారు... అంతే తెలుసు. నువ్వే చెప్పింటివి ఒకసారి.”

“ఏం చెప్తా ఉండావమ్మా?”

“ఇంటికొస్తావు అనుకుంటి. కోపంగా వస్తావు, తిడతావు, తిట్టినాక తింటావు అనుకుంటి. సంగటి కెలికి మూతేసి వాకిట్లో కూసుంటి.”

“అమ్మా...”

“నిన్ను మంచం మీద మోసుకొస్తిరి. ఆ పొద్దే సెప్పాల్సింది. నోరు రాలే. నువ్వు పరంధామయ్య పేరు చెప్పి ఏడుస్తివి. పోనీ ఆయన్నే తిట్టుకోనీ, అమ్మను తిట్టుకునే దానికంటే అని ఊరకుంటి.”

“నా ప్యాడ్లు యాడ పెట్టినావు?”

“ఇప్పుడు ఆ బిడ్డకు గూడా ఒకమ్మ వాకిట్లో కూసోనుంటాది, పెంచలా.”

“యాడ పెట్టినావమ్మా?”

“నువ్వు వాడివి పెట్టిన చోటనే, నాయనా. ఈ గాదె అడుగు పదేండ్లుగా ఊడ్వనీలా ఎవుర్నీ.”