పిల్లుల కేఫ్‌ల పాముచెవులు

హైదరాబాద్‌లో ఒక పిల్లుల కేఫ్. సిరిసిల్ల సాంచాల మీద, అదే మరమగ్గాల మీద, ముప్పయ్యేండ్లు నిలబడ్డ జలపతి చెప్పులు బయట ఇడిచి భార్య లీల పక్కన కూసున్నడు. ఎదురుగా పట్నంల కొలువు చేసే బిడ్డ రచన. ఈ వాలకం ఆయనకు మొదటి సంది నచ్చలేదు.

"పిల్లలా? పెండ్లే కాకపాయె, పిల్లలేందే రచనా!"

"అయ్యో బాపూ, పిల్లలు గాదు, పిల్లులు! నీకు పిల్లులను సూపిద్దామని తీస్కచ్చిన అంటున్న."

"గట్ల తెల్లగ చెప్పాలె. ఒక్క నిమిషం నా పానాన్ని పిల్లి ఎత్కపోయింది."

"నువ్వే సరిగ ఇనలేదు."

"నువ్వే సరిగ అనలేదు. పట్నమచ్చినంక నోట్లె నోట్లె మాట్లాడుడు నేర్చినవ్."

"సార్, పిల్లులను ముట్టుకునే ముందు ఈ మందు చేతులకు రాస్కోండి."

"రెండు చాయ్‌లు తే బిడ్డా. ఒకదాంట్ల చక్కెర తక్కువ."

"బాపూ, సంగీత ఇక్కడ పిల్లులను సూస్కునే పిల్ల. చేతులకు మందు రాస్కోమంటున్నది."

"మూతికి మాస్కు కట్టుకోని మాట్లాడితె ఎవలకు సమజైతది?"

"ఈ వెంట్రుకలకు నాకు తుమ్ములొస్తయి సార్. జర మెల్లగ మాట్లాడున్రి, పిల్లులన్ని సోఫా కిందికి ఉరికినయి."

"ఏమంటున్నదే లీలా?"

"నువ్వు ఒర్రుతున్నవట. పిల్లులు బెదిరినయట."

"నేను ఒర్రుతున్ననా? నేనెప్పుడు ఒర్రిన!"

"గిప్పుడేనయ్యా, గిప్పుడే!"

"సరే గని బిడ్డా, అసలు సంగతి చెప్పు. పొద్దుగాల పిల్లి ఎదురొస్తె మళ్ల ఇంట్లకచ్చి నీళ్లు తాగిపోయేటోన్ని నేను. గసొంటోన్ని టికెట్టు కొని మరీ పిల్లులకు ఎదురు తీస్కచ్చినవు. ఏందో మతలబున్నది."

"ఏం లేదు బాపూ. నాలుగు దాంక టైం పోవాలె గదా అని..."

"నాలుగింటికేమున్నది?"

"అవ్వా, నువ్వు చెప్పు."

"నేనెందుకు చెప్త? పిల్లి మెడల గంట నువ్వే కడ్తనంటివి."

"గంటనా? ఇంకో గంట కూసోవాల్నా? మీ ఇద్దరి గుసగుసలేంది? లీలా, అటు మొకం పెట్టి చెప్తవేంది, నా దిక్కు మర్రి చెప్పు."

"ఇగో, మర్రిన. కిటికీల నుంచి ఎదురుంగ ఆ బోర్డు సూడు."

"చెవి బొమ్మ... చెవుల దవాఖాననా! ఓహో, గిదా సంగతి! జగిత్యాల డాక్టరు కాడికి తీస్కపోతుంటె బస్టాండ్ల తప్పిచ్చుకున్ననని పట్నం దాంక గుంజుకచ్చిండ్రా? నాయి పాముచెవులు, తెల్సా!"

"పాముకు చెవులు యాడియయ్యా? మొన్న సాంచల నుంచి నూలు కండె మోసే నాడె ఎగిరొస్తుంటె నీ తోటి పనోడు నర్సయ్య జరుగు జరుగు అని ఒర్రిండు. నువ్వు జరగలే. నొసటికి నాలుగు కుట్లు పడ్డయి. ఇంకింత కిందికి తాకితె కన్నే పోతుండె."

"వాడు ఎనుక నుంచి ఒర్రిండు. ముందటికొచ్చి ఒర్రితె జరగకపోదునా?"

"బాపూ, చెవిల పెట్టుకునే చిన్న మిషిన్ ఉంటది. ఎవలకు కనవడది గూడ."

"సాంచాల ఆసామికి కనవడ్తది! 'జలపతన్నా, నీకు చెవుడచ్చింది, ఇగ ఇంటికాడ కూసో' అంటడు. నిలవడి బతికినోన్ని, కూసోవెడ్తరా నన్ను? నాకు బరాబర్ ఇనవడ్తది. ఇర్వై సాంచాలు దడదడ కొడ్తుంటె, ఆ కొసకు నిలవడి నర్సయ్య చాయ్ తాగుదామా అంటె నాకు ఇనవడ్తది."

"గంత మోతలనా?"

"కొత్తోళ్లకు ఇనవడది. మాకు ఇనవడ్తది."

"ఇగో, ఈ బూడిదరంగుది నీ ఒళ్లెకే అచ్చింది సూడు."

"నూలు వాసన పట్టింది ముండ. అబ్బ, ఎంత మంచిగ గుర్రుమంటున్నదే, నూనె పోసిన సాంచ లెక్క!"

"నీకు ఇనవడ్తుందా బాపూ?"

"ఎందుకు ఇనవడది? దీని వీపు మీద చెయ్యి పెట్టు, నీకు గూడ ఇనవడ్తది."

"మరి దాని మెడల గంట?"

"ఉత్త గంట. మోగుతలేదు."

"రచనా, గలగల మోగవట్టె గదనే..."

"నువ్వూకో అవ్వా. బాపూ, ఇటు సూడు. పందెం. నేను అడిగింది నీకు ఇనవడితె డాక్టరు లేడు, సీదా సిరిసిల్ల బస్సే. ఇనవడకపోతె నాలుగింటికి నా ఎంట రావాలె."

"పెట్టు పందెం! పిల్లి సాక్షి!"

"మీ అవ్వ పేరేంది?"

"కొమురవ్వ. గిది గూడ ఒక పరీక్షనా?"

"ఏందే పిల్లా, నువ్వు గట్ల..."

"అవ్వా, నడుమల రాకు. బాపూ, పదమూడుల నుంచి అయిదు తీస్తె?"

"ఎనిమిది. బడిపంతులువా?"

"మేనత్తనిచ్చింది ఏ ఊరికి?"

"బీర్పూర్. ఇంకా అడుగు, ఇంకా!"

"మనింట్ల అందరికంటె మొండోళ్లు ఎవలు?"

"మీ అవ్వ. ...సరే తియ్యి, నేనే."

"గా నాడె నీ కంట్లకొస్తె మేము ఏం గావాలె బాపూ?"

"గట్లడగకు బిడ్డా. నాకేం గాదు. ఏడుస్తవేందే? గెలిచింది నేనైతె ఏడ్చుడు నువ్వా? లే లీలా, సంచి పట్టు. ఒక్క మాటన్న తప్పు పోయిందా? పోగు తెగకుంట అన్నిటికి జవాబు చెప్పిన!"

"చెప్పినవయ్యా. అన్నీ చెప్పినవు."

"అక్కకు వేడినీళ్లు తెద్దునా?"

"ఏమంటున్నదే ఆ మాస్కు పిల్ల?"

"సంగీతా, నీకు పుణ్యముంటది. ఆ మాస్కు కిందికి గుంజి, మా ఆయన మొకం దిక్కు సూసి మళ్ల చెప్పు బిడ్డా."

"ఏం లేదు సార్. అక్కకు గొంతు పోయిందేమో, వేడినీళ్లు తెద్దునా అన్న. మీరు పిల్లి సాక్షి అన్న కాడ్నుంచి అక్క పెదవులు కదుపుడే గని, ఒక్క మాట బయటికి రాలే గదా."