ఎడమచేతి గెలుపు

ఉప్పల్ నుంచి నాచారం వెళ్లే ఆటోలో, ఎడమ మణికట్టుకు కొత్త పట్టీతో, ఒళ్లో చంటిపాపతో కూర్చున్న కోడలు, పక్కనున్న అత్త నోరు తెరవడం కోసమే ఎదురుచూస్తోంది.

“డాక్టరేమన్నడు?”

“బొటనవేలి కాడ నరం వాచిందంట, అత్తమ్మా.”

“నేను జెప్పలే? పొద్దంత ఫోన్ నొక్కితే వాచదా మరి!”

“నేనూ గదే అడిగిన. ఫోన్ ఏ చేత్తోని నొక్కుతవన్నడు.”

“కుడిచేత్తోనే గదా?”

“మరి నొప్పి ఎడమచేతికాయె! పసిపిల్లల్ని మాటిమాటికి ఎత్తే తల్లులకు మస్తు వస్తదంట. ఇప్పుడు దీనిమీద పరిశోధనలు గూడ బాగా జరుగుతున్నయంట.”

అత్త రెండు చేతులూ చాపింది.

“పాపను ఇటియ్యి.”

“ఎందుకత్తమ్మా, పండుకుంది...”

“ఇయ్యమన్ననా! ఇగ నేనెత్తుకుంట.”

కోడలు అత్త ఎదుటే, కుడిచేత్తో దర్జాగా ఫోన్ తీసింది.