ఊరందరికీ తెలుసు, మా మావయ్యగారికి తప్ప

"ఈ అమలాపురంలో ఇన్నేళ్ళు ఎలా ఉన్నావు మామ్మా? పొద్దున్న బ్యాంకుకని ఆటో ఎక్కేనా, నోరు విప్పకముందే 'టైపు అమ్మగారి మనవరాలేగదండీ' అన్నాడు!"

అన్నాడా? అంటాడు మరి. వాళ్ళ నాన్న గడియార స్తంభం దగ్గర రిక్షా తొక్కేవాడు. కాదు కాదు, నాన్న కాదు, పెదనాన్న. ఏదైతేనేం. ఇది మరీ పల్లెటూరూ కాదు, అలాగని కాకినాడలా పట్నమూ కాదు కదా. సంచి పట్టుకుని మెయిన్ రోడ్డెక్కితే నలుగురు అడగాల్సిందే, ఎక్కడికి బయల్దేరేరండీ అని. అడక్కపోతే మళ్ళీ మనకే ఏదో వెలితి. కూర్చో, ఆ పీట లాక్కో. నీకో సంగతి చెప్తాను.

నేను ఈ ఊరికి కోడలిగా వచ్చేటప్పటికి నాకు పంతొమ్మిదేళ్ళు. మా పుట్టిల్లు కొత్తపేట అవతల. టెన్తు పాసయ్యేను. పెళ్ళైన రెండేళ్ళకి మీ తాతగారు కువైట్ వెళ్ళేరు, డ్రైవరుగా. మీ నాన్న అప్పటికి చంటిపిల్లాడు. రెండేళ్ళలో వచ్చేస్తానన్నారు. రెండేళ్ళయ్యేక ఉత్తరం వచ్చింది, ఇంకో రెండేళ్ళు అని. ఇంట్లో నేనూ, అత్తగారూ, మావయ్యగారూ. మావయ్యగారంటే మీ నాన్నకి తాతగారు. మెయిన్ రోడ్డులో బట్టల కొట్లో పనిచేసేవారు. ముప్పై ఏళ్ళు ఒకటే కొట్టు. తెల్ల పంచె, మెళ్ళో టేపు. ఊళ్ళో ఎవరింట్లో పెళ్ళైనా ఆయన కొలిచిచ్చిన గుడ్డే. మంచివారే గానీ మాట తక్కువ. మొహం చూస్తే ఎప్పుడూ కోపంగా ఉన్నట్టుండేది, ఉన్నా లేకపోయినా.

ఆ కొట్టు పక్క సందులో మేడ మీద టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. నేను కూరలకి వెళ్తే ఆ చప్పుడు వినపడేది, టకటకటకా కొట్టి, చివర్న టింగుమని గంట. నీకు తెలీదులే, లైను చివరికొచ్చేటప్పటికి మెషిను గంట కొట్టేది. వంకాయలు ఏరుతూ ఏరుతూ చెయ్యి ఆపేసి వినేదాన్ని. కూరలమ్మే ఆవిడ 'ఏంటమ్మా, పుచ్చులున్నాయా?' అనేది.

ఓ రోజు ధైర్యం చేసి 'అత్తయ్యగారూ, నేను టైపు నేర్చుకుంటానండి' అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, 'వెళ్ళమ్మా, పిల్లాణ్ణి నేను చూసుకుంటాను. మీ మావయ్యగారికి నెమ్మదిగా నేను చెప్తాలే' అన్నారు. ఎందుకంటే అంతకుముందే ఆయన ఎవరి గురించో అన్నారు, పెళ్ళైన ఆడపిల్లలు మేడలెక్కి మెషిన్లు కొట్టడమేంటని. అదీ మా భయం. ఆవిడ రేపు చెప్తాను, రేపు చెప్తాను అంటానే ఉన్నారు. ఎనిమిది నెలలు గడిచిపోయేయి.

మేడ మెట్ల కింద సూరమ్మ అని ఒకావిడ పూలమ్మేది. మూర మల్లెపూలు ముప్పావలా ఆ రోజుల్లో. ముప్పావలానో, రూపాయో. నా కూరల సంచి ఆవిడ దగ్గర పెట్టి పైకెళ్ళేదాన్ని. మావయ్యగారు టీకని సందులోకొచ్చినప్పుడల్లా సూరమ్మ గట్టిగా కేకేసేది, 'కనకాంబరాలమ్మా, కనకాంబరాలూ!' అని. ఆవిడ దగ్గర కనకాంబరాలు ఏనాడూ లేవు! ఆ కేక వినపడగానే నేను కిటికీ పక్కనుంచి లేచి గోడవారకి వెళ్ళిపోయేదాన్ని. ఓసారి మావయ్యగారే దగ్గరికెళ్ళి 'మా ఆవిడకిష్టం, రెండు మూరలివ్వు' అన్నారంట. 'ఇప్పుడే అయిపోయేయండి బాబూ' అందట. నవ్వకు. అప్పుడు మేమూ ఇలాగే నవ్వుకున్నాం.

మందుల షాపు ఆయనకి తెల్సు, టీ కొట్టాయనకి తెల్సు, రిక్షా వాళ్ళకి తెల్సు. ఎవరింట్లో ఏ కూర వండేరో సాయంత్రానికల్లా తెలిసిపోయే ఊరు, నా మాట మాత్రం ఎనిమిది నెలలు కడుపులో పెట్టుకుంది. ఒక్కరూ ఆయన చెవిన వెయ్యలేదు. నాకది గొప్పగా ఉండేది. తప్పని తోచలేదు.

పరీక్ష కాకినాడలో పడింది. అప్పటికి యానాం దగ్గర వంతెనేదీ? ఎదుర్లంక దాకా బస్సు, అక్కణ్ణించి పంటు ఎక్కి గోదావరి దాటాలి. ఇంట్లో ఏం చెప్పాలి? మా అత్తగారే ఉపాయం చెప్పేరు, 'నా కళ్ళు మసకేస్తున్నాయని, డాక్టరుకి చూపించుకోవాలని అంటాను' అని. మావయ్యగారు నమ్మి, బస్టాండు దాకా వచ్చి, సీట్లో తువ్వాలేసి ఆవిణ్ణి కూర్చోబెట్టేరు. 'మీ అత్తయ్యని జాగ్రత్తగా తీసుకెళ్ళమ్మా' అన్నారు నాతో. ఆ మాట ఇప్పటికీ... ఊఁ. పంటు మీద మనూరాయనొకాయన కనపడి 'పరీక్షకేనాండీ? బాగా కొట్టండి' అన్నాడు.

తిరిగొచ్చేక 'కళ్ళకేమన్నారు?' అని అడిగేరు. 'బాగానే ఉన్నాయన్నారండి' అన్నారు అత్తగారు. 'హమ్మయ్య' అన్నారాయన.

పాసయ్యేనే అమ్మలూ. టైపులో మొదటి పరీక్ష, లోయరు, ఫస్ట్ క్లాసు. టైపు మాస్టారు బోర్డు మీద నా పేరు రాసేరు. అది చూసి టీ కొట్టాయన సంతోషం పట్టలేక మావయ్యగారితో అనేసేడు, 'కోడలిగారు పాసయ్యేరంటగదండీ, స్వీటేదండీ?' అని.

ఆయన ఏనాడూ మధ్యాన్నం ఇంటికి రారు, క్యారేజీయే వెళ్ళేది. ఆ రోజు వచ్చేరు. చెప్పులు విప్పకుండా గుమ్మం మెట్టు మీద కూర్చున్నారు. నేను లోపల తలుపు పక్కన నిలబడ్డాను.

'సూరమ్మకి తెల్సా?' అన్నారు.

'ఆయ్' అన్నాను.

'మందుల షాపతనికి?'

'ఆయ్, తెల్సండి.'

అత్తగారివైపు తిరిగి, 'అయితే ఆ కళ్ళ డాక్టరూ...' అన్నారు. ఆవిడ తలొంచుకున్నారు.

'అయితే నేనొక్కణ్ణే బయటివాణ్ణన్నమాట' అని లేచి మళ్ళీ కొట్టుకెళ్ళిపోయేరు.

తిడితే బాగుండునే. తిట్టలేదు. వేళకి అన్నం తినేవారు, పిల్లాణ్ణి ఎత్తుకునేవారు. కానీ మెయిన్ రోడ్డు మానేసేరు. కాలువ గట్టు మీంచి చుట్టూ తిరిగి కొట్టుకెళ్ళేవారు. టీ మానేసేరు. ముప్పై ఏళ్ళుగా తెలిసిన మొహాలు, ప్రతీ మొహమూ తనని చూసి నవ్వినట్టే ఉంటుంది కదా మరి. పెద్ద పట్నమైతే మనిషి ఇంకో వీధిలో ఇంకో టీ కొట్టు చూసుకుంటాడు. ఇక్కడ ఎక్కడికెళ్తాడు? అత్తగారు ఓ రోజు ఏడ్చేరు, తప్పైపోయిందండీ అని. 'నీ కళ్ళు బాగున్నాయిగా, అది చాలు' అన్నారాయన. వెటకారం కాదు, నిజంగానే అన్నారు. అందుకే నాకు ఇంకా బాధేసింది.

మూడు వారాలు చూసేను. ఇంక లాభం లేదని ఓ రోజు పదకొండింటికి బట్టల కొట్టుకెళ్ళేను. మా ఇంటి ఆడవాళ్ళం ఎప్పుడూ ఆ కొట్టుకి వెళ్ళేవాళ్ళం కాదు, ఏం కావాలన్నా ఆయనే తెచ్చేవారు. నన్ను చూసి కంగారుపడ్డారు. 'పిల్లాడు బాగానే ఉన్నాడా?' అన్నారు ముందు.

'బాగున్నాడండి. మావయ్యగారూ, నాకు పై పరీక్ష, హయ్యరు కూడా కట్టాలనుందండి. మీరు వద్దంటే మానేస్తాను. ఎవరికీ చెప్పలేదండి ఇంకా. అత్తయ్యగారిక్కూడా చెప్పలేదు. ముందు మీకే చెప్తున్నాను' అన్నాను.

ఎదురుగా ఎవరో ఆవిడ లంగా గుడ్డకని కూర్చునుంది. ఆయన గుడ్డ కొలిచేరు, కత్తిరించేరు, మడత పెట్టి ఆవిడ చేతికిచ్చేరు. ఆవిడ వెళ్ళేదాకా ఆగి, మెళ్ళో టేపు సర్దుకుని నెమ్మదిగా అన్నారు. 'మీ అత్తయ్యకి చెప్పకు. నేను చెప్తాను.'

అంతే. నేను ఏడుపు ఆపుకుని బయటికొచ్చేసేను. ఏం చేసేరనుకున్నావు? నేనిటు రాగానే ఆయన టీకి బయల్దేరేరంట, మెయిన్ రోడ్డు మీంచే. టీ కొట్టాయనకి చెప్పేరు. సూరమ్మకి చెప్పేరు. మందుల షాపు మెట్లెక్కి మరీ చెప్పేరు, 'మా కోడలు హయ్యరు కడుతోంది' అని. నేను కొత్తిమీర కొనుక్కుని ఇల్లు చేరేటప్పటికి అత్తగారు గుమ్మంలో నిలబడి, 'ఏమ్మా, హయ్యరు కడుతున్నావంటగా? ముగ్గురు చెప్పి వెళ్ళేరు' అన్నారు. రాత్రి భోజనాల దగ్గర ఆయన గొంతు సవరించుకుని ఆ కబురు చెప్తే, ఆవిడ అప్పుడే విన్నట్టు 'అలాగా!' అన్నారు.

హయ్యరు పరీక్షకి ఆయనే కాకినాడ తీసుకెళ్ళేరు. మరుసటేడాది ఓ ప్లీడరుగారి ఆఫీసులో చేరేను, కంప్యూటర్లు వచ్చేదాకా ఆ మెషిను మీదే. మీ తాతగారు కువైట్ నుంచి వచ్చి 'నాకెవరూ చెప్పలేదే' అన్నారు. అది ఇంకో గొడవలే.

ఆ మేడ మీద ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు. సూరమ్మ పోయి చాలా ఏళ్ళయింది. మావయ్యగారు పోయిన రోజున ఆ సందు సందంతా నడిచొచ్చింది...

ఏంటే, ఫోను పక్కన పెట్టేసి కిందకి చూస్తున్నావు?

"ఏం లేదు మామ్మా."

ఏం లేదా. సరే, నేనడగను, నాకు చెప్పకు. ఉంటే మాత్రం ముందు మీ నాన్నకి చెప్పు, నీ నోటితో. ఈ ఊళ్ళో నీకు సాయంత్రం దాకానే టైముంటుంది, ఆ తర్వాత ఊరే చెప్పేస్తుంది. కోప్పడితే కోప్పడతాడు, ఏం పర్లేదు. నీ కబుర్లన్నీ మంచి కబుర్లే కావాలి తల్లీ, అన్నీ నువ్వే నవ్వుతూ చెప్పుకోవాలి. అదిగో, గేటు చప్పుడు... వాడే అనుకుంటా. వెళ్ళు, మంచినీళ్ళు పట్టుకెళ్ళివ్వు...